మా చర్చి డీకన్లకు ఒక రిజిస్టర్ కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఒక చర్చిలో డీకన్ల ఎన్నికలు పోలీసు బందోబస్తు మధ్య జరిగాయన్న వార్త మీ జిల్లా పేజీలో చదివాను. ఓటర్ల లిస్టులోంచి తమవాళ్ళ పేర్లు తీసేశారని ఒక వర్గం, దొంగ సభ్యత్వాలు చేర్చారని ఇంకో వర్గం. చివరికి ఆదివారం ఆరాధన లేదు, గేటుకు తాళం. ఆ చర్చి మాది కాదు. అయినా మాది కాదులే అని పేజీ తిప్పేయలేకపోయాను, ఎందుకంటే మా చర్చి సంఘంలోనూ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. వాట్సాప్ గ్రూపులో అప్పుడే రెండు ప్యానెళ్ళు తేలాయి.

మా పక్కింట్లో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు కూడా ఆ వార్త చదివారు. "డీకన్ అంటే ఎవరమ్మా? మా గుళ్ళో ధర్మకర్త లాంటివాడా?" అని అడిగారు. "అలాగే తయారయ్యాడు మాస్టారూ, అలా ఉండకూడదు" అన్నాను. అది ఆయనకు వివరించేసరికి పొద్దు గూకింది. ఆయనకు చెప్పిందే కాస్త సర్ది మీకు రాస్తున్నాను. క్రైస్తవులు కాని పాఠకులకూ ఆ గొడవ దేని గురించో తెలుస్తుంది, మావాళ్ళు చదివితే ఇంకా మంచిది.

నేను ప్రకాశం జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంగా (ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా) పనిచేసి రిటైరయ్యాను. పుట్టిందీ మెట్టిందీ బాప్టిస్టు సంఘాల్లోనే. స్త్రీల సమాజంలో ఉన్నాను, డీకన్ని మాత్రం కాదు. మా సంఘం బైలాలో (నియమావళిలో) "పురుష సభ్యులు" అని ఉంది కాబట్టి కాలేను కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

డీకన్ అనే మాట ఒకటే అయినా అన్ని చర్చిల్లో ఒకే పదవి కాదు. కేథలిక్కుల్లో ఫాదర్ కాబోయే ముందు డీకన్‌గా అభిషేకం పొందుతారు. రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1967లో ఆరో పాల్ పోపుగారు పెళ్ళయినవాళ్ళు కూడా శాశ్వత డీకన్లుగా ఉండే పాత పద్ధతిని మళ్ళీ తెచ్చారు గానీ మన వైపు వాళ్ళు కనిపించడం అరుదు. సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కూడా ముందు డీకన్, ఆ తర్వాత ప్రెస్బిటర్, అంటే పాస్టరు. మా బాప్టిస్టుల్లో అలా కాదు. డీకన్ అంటే పాస్టరుగారికి తోడుగా సంఘం తనలోంచి ఎన్నుకున్న మామూలు మనిషి. రైతు కావచ్చు, తాపీ మేస్త్రీ కావచ్చు, రైల్వే ఉద్యోగి కావచ్చు. జీతం ఉండదు. కానుకల సంచి పట్టేది, లెక్క చూసేది, ప్రభు బల్ల (యేసు ఆఖరి విందును గుర్తుచేసుకునే ఆరాధన) రోజు రొట్టె, ద్రాక్షరసం ట్రేలు వరుసల్లోకి అందించేది, బాప్తిస్మానికి (నీళ్ళలో ముంచి సంఘంలో చేర్చుకోవడానికి) తొట్టి నింపించేది, చావు వస్తే గుంట తవ్వించేది, పెట్టె చేయించేది వాళ్ళే. పాస్టర్లు వస్తారు, బదిలీ అయిపోతారు. ఊళ్ళో ఉండిపోయేది డీకన్లు.

ఈ పని ఎక్కణ్ణుంచి వచ్చిందో బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చెబుతుంది. యెరూషలేములో సంఘం పెరిగింది, రోజూ అన్నం పంచుతున్నారు. ఆ పంపకంలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు మాట్లాడే వాళ్ళు సణిగారు. హెబ్రీయుల (స్థానిక భాష మాట్లాడే యూదుల) పక్క ముసలమ్మలకు అందుతోంది, వీళ్ళకు అందడం లేదు. సంఘాన్ని నడిపిస్తున్న పన్నెండుమంది అపొస్తలులు (యేసు ముఖ్య శిష్యులు) ఆ ఫిర్యాదును కొట్టిపారేయలేదు. "మేం వాక్యం చెప్పడం మానేసి బల్లల దగ్గర పనిచేయడం కుదరదు, మంచిపేరున్న ఏడుగుర్ని మీరే ఎన్నుకోండి" అన్నారు. సంఘం ఎన్నుకుంది: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఆ అధ్యాయంలో వాళ్ళను డీకన్లు అని పిలవలేదు గానీ మా వాళ్ళంతా ఆ పదవికి మొదలు అక్కడే చూపిస్తారు.

ఆ ఏడు పేర్లూ ఒకసారి మళ్ళీ చదవండి. అన్నీ గ్రీకు పేర్లే. అంటే మాకు అన్నం అందలేదని ఎవరు మొరపెట్టుకున్నారో, గరిటె ఆ వైపు వాళ్ళ చేతికే ఇచ్చారన్నమాట. నేను విన్న ప్రసంగాల్లో ఈ సంగతి చెప్పినవాళ్ళు తక్కువ. మా సంఘానికి దీన్ని అన్వయిస్తే ఏమవుతుందో చూడండి. మా చర్చి ఉన్నది పాత పేటలో. ఊరవతల కొత్త కాలనీ నుంచి, ఎస్టీ కాలనీ నుంచి కూడా విశ్వాసులు వస్తారు, వెనక చాపల మీద కూర్చుంటారు. నాకు తెలిసినంత కాలంలో డీకన్లందరూ పాత పేటలోని నాలుగైదు ఇంటిపేర్ల వాళ్ళే. కొత్త కాలనీలో ఎవరైనా చనిపోతే కబురు చర్చికి చేరేసరికే ఆలస్యం అవుతోంది.

మా మామగారు డీకన్‌గా చేశారు. సంతకం రాదు, వేలిముద్రే. తోళ్ళ పని చేసిన కుటుంబం, తర్వాత పొగాకు బేరన్లలో కూలి. అప్పుడు మా మాదిగపల్లెలో చర్చికి తాటాకు కప్పు. ఆడవాళ్ళు రోజూ వంటకు బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి కుండలో వేసేవాళ్ళు. శనివారం ఆ పిడికెడు బియ్యమంతా చర్చికి చేరేది. కొంత పాస్టరుగారికి, మిగతాది ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ళకు. ఆ మిగతాది ఎవరికి వెళ్ళాలో తేల్చేది మా మామగారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆయనకు తెలిసేది, ఎలాగంటే తెల్లవారుజామున గంట కొట్టడానికి వెళ్తూ పల్లె మొత్తం నడిచేవారు. బియ్యం చీకటి పడ్డాక తీసుకెళ్ళేవారు, పుచ్చుకునేవాళ్ళకు సిగ్గుగా ఉండకూడదని. మొదటి ఆదివారం ప్రభు బల్ల తర్వాత విడిగా పట్టే కానుక బీదల కోసమే, దాన్ని ఇంకో ఖర్చుకు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకసారి పాస్టరుగారు మైకు సెట్టు బాగుచేయించడానికి ఆ డబ్బు అడిగితే, "మైకు లేకపోయినా దేవుడికి వినపడుద్ది అయ్యగారూ" అన్నారట. ఇది మా అత్తగారు నవ్వుతూ చెప్పిన మాట.

ఇప్పుడు మా సంఘం గురించి చెబుతాను. పేరు రాయను, ఊరు కూడా రాయను. చదివినవాళ్ళు ఇది మా సంఘమే అనుకుంటే నా తప్పేం లేదు.

ఎన్నికలకు నెల ముందు పాంప్లెట్లు వస్తాయి. ప్రార్థన కూడిక పేరుతో బిర్యానీ. గెలిచిన రోజు సెంటర్లో ఫ్లెక్సీ: "నూతనముగా ఎన్నికైన డీకన్ గారికి శుభాకాంక్షలు". పక్కన ఎమ్మెల్యేగారి ఫోటో. ఆ తర్వాత ముందు వరస కుర్చీ, క్రిస్మస్‌కి శాలువా, కొత్త బిల్డింగు శంకుస్థాపన రాయి మీద పేరు. దీనికి ఇంత పోటీ ఎందుకంటే కాంపౌండు చుట్టూ షాపులున్నాయి, అద్దెలొస్తాయి. మిషన్ కాలం నాటి స్థలాలున్నాయి. సొసైటీ కాగితాల మీద సంతకం పెట్టే హక్కు ఎవరిదైతే వాళ్ళ మాటకు ఊళ్ళో బరువుంటుంది. ఆస్తి వల్లే పదవికి విలువ వచ్చింది, పని పోయింది. పోయిన మూడేళ్ళలో మా డీకన్ల మీటింగుల్లో ఎక్కువసేపు నడిచినవి షాపు అద్దె, ప్రహరీ గోడ, కోర్టు వాయిదా. మినిట్స్ పుస్తకం నేను చదివాను. విధవరాలు అన్న మాట అందులో ఎక్కడా కనపడలేదు.

మా సంఘంలోనే ఒక పెద్దావిడ ఉంది. భర్త పోయాడు, కొడుకు హైదరాబాదులో సెంట్రింగ్ పని. బాత్రూంలో జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది గానీ సరిగ్గా నడవలేదు, మంచానికే పరిమితం. నేను వెళ్తే బీపీ చూసి, వీపు మీద పుండ్లు పడ్డాయేమో చూసి, మంచం మీద ఎలా తిప్పాలో పక్కింటి పిల్లకు నేర్పి వస్తుంటాను. అది నాకు అలవాటైన పని. ఒకరోజు ఆవిడే అంది: "అమ్మాయ్, బల్ల తీసుకుని ఎన్నాళ్ళయిందో, ఎవరన్నా తెస్తారేమో అడగవా." మంచంలో ఉన్నవాళ్ళకు ప్రభు బల్ల ఇంటికి తీసుకెళ్ళడం డీకన్లు చూసుకోవాల్సిన పని. పాస్టరుగారికి గుర్తుచేసి, టైము చెప్పి, వెంట వెళ్ళాలి. మరి డీకన్లు ఎవరూ రాలేదా అని అడిగాను. వచ్చారంట, ఒక్కసారి. చేతిలో బిల్డింగ్ ఫండ్ రసీదు పుస్తకం. ఆవిడ పింఛను డబ్బుల్లోంచి 500 ఇచ్చింది. రసీదు తలగడ కింద పెట్టుకుంది, నాకు చూపించింది. ప్రార్థన చేశారా అంటే, "తొందరలో ఉన్నారమ్మా" అంది.

పింఛను మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన రాష్ట్రంలో వితంతు పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి ఇచ్చి వెళ్తున్నాడు. ఆ కుర్రాడు క్రైస్తవుడు కాదు, ఆవిడెవరో అతనికి తెలియదు. అతని దగ్గర లిస్టు ఉంది, లిస్టులో ఆవిడ పేరుంది, కాబట్టి వస్తున్నాడు. మా సంఘంలో ఆవిడ పేరు ఉన్న లిస్టు ఏది? చందాల లిస్టు ఒకటే.

నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఏమిటంటే, లిస్టు లేకుండా ప్రేమ ఎక్కువ దూరం నడవదు. ఏఎన్ఎం దగ్గర రిజిస్టర్లుంటాయి. గర్భిణి పేరు, ఎన్నో నెల, రక్తం ఎంత, ఏ టీకా ఎప్పుడు, ఈ నెల ఇంటికి ఎవరు వెళ్ళారు, ఏం చూశారు. వెళ్ళకపోతే ఆ గడి ఖాళీగా ఉండి మీటింగులో పరువు తీస్తుంది. మా చర్చి ఆఫీసులో కానుకల రిజిస్టర్ ఉంది, దశమభాగాల రిజిస్టర్ ఉంది, పెళ్ళిళ్ళది, బాప్తిస్మాలది ఉన్నాయి. మంచంలో ఉన్నవాళ్ళది, ఒంటరి ఆడవాళ్ళది, తండ్రి లేని పిల్లలది, తాగుడు భర్తతో రోజూ దెబ్బలు తింటున్న ఇళ్ళది లేదు. అదొకటి పెట్టమంటున్నాను. ఒక్కో డీకన్‌కు ఒక వీధి. నెలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్ళాలి, తేదీ వేయాలి. డీకన్ల మీటింగు ఆ రిజిస్టర్ తెరవడంతో మొదలవ్వాలి, షాపు అద్దె సంగతి ఆఖర్న. ఇళ్ళలో గుట్టు ఉంటుంది కాబట్టి ఆ పుస్తకం పాస్టరుగారి బీరువాలో ఉండాలి, వాట్సాప్‌లో తిరగకూడదు.

ఆస్తులు ఎవరు చూడాలి అని మా తమ్ముడు అడిగాడు (వాడు ఒక ప్యానెల్లో ఉన్నాడు, అందుకే అడిగాడు). ఆస్తులకు విడిగా ఒక కమిటీ వేయండి. బ్యాంకులో, రెవెన్యూలో చేసి రిటైరైనవాళ్ళు ప్రతి సంఘంలో ఉన్నారు, బయటి ఆడిటర్‌ను పెట్టండి. బీదల కానుక మాత్రం డీకన్ల చేతిలోనే ఉండాలి. యెరూషలేములో ఆ ఏడుగురికి ఒప్పజెప్పింది ఆ పంపకమే.

ఏఎన్ఎం ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు కేథలిక్ సిస్టర్ ఒకావిడ లారెన్స్ కథ చెప్పింది. రోములో డీకన్, 258లో చంపేశారు. చర్చి ఖజానా అప్పజెప్పమని అధికారి గడువిస్తే, ఉన్నదంతా బీదలకు పంచేసి, గుడ్డివాళ్ళను, కుంటివాళ్ళను, దిక్కులేనివాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి, ఇదే మా ఖజానా అన్నాడని చెప్పుకుంటారు. నిప్పుల మీద కాల్చి చంపారని కూడా అంటారు. ఇప్పుడు మా సంఘానికి ఆ నోటీసు వస్తే మా వాళ్ళు షాపుల అగ్రిమెంట్లు తీసుకెళ్తారని నా భయం.

ముందు బీదల ఆకలి చూడడం మా జిల్లాకు కొత్తేమీ కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు పని, కూలి చూపించాడు. మా పెద్దవాళ్ళు ఆ మట్టి మోశారని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. కరువు ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె మా సండే స్కూలు పిల్లలకు కూడా నోటికి వచ్చు, మహాసభల్లో అందరూ గర్వంగా చెబుతారు. కాలువ సంగతి మాత్రం చెప్పరు. ముందు గంజి, తర్వాత నీళ్ళు, వరస అదీ.

డీకన్లందరూ ఫ్లెక్సీ మనుషులేనని అంటే అన్యాయం అవుతుంది. కరోనా రెండో సారి విజృంభించిన 2021లో, సొంత కొడుకులే దగ్గరికి రాని శవాలను పాతిపెట్టిన డీకన్లున్నారు. మా సంఘంలో ఆటో నడిపే డీకన్ ఒకాయన ఉండేవాడు. కిట్టు వేసుకుని, యవ్వనస్థులు ఇద్దర్ని వెంటబెట్టుకుని, ఏ సంఘంవాళ్ళని అడక్కుండా గుంటలు తవ్వించాడు. ఆక్సిజన్ సిలిండర్ కోసం రాత్రిళ్ళు తిరిగాడు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. బిర్యానీ పెట్టలేకపోయాడు మరి. ఇప్పటికీ ఎవరింట్లో చావైనా ఫోన్ ఆయనకే వెళ్తుంది, గెలిచినవాళ్ళకు కాదు.

ఇక ఆడవాళ్ళ సంగతి. నేను చెప్పిన రిజిస్టర్ రాస్తే అందులో నూటికి డెబ్బై ఎనభై పేర్లు ఆడవాళ్ళవే అవుతాయని నా అంచనా. మంచంలో ఉన్న ఆడమనిషిని "పుండ్లు పడ్డాయా, బెడ్ ప్యాన్ ఎవరు తీస్తున్నారు" అని మగ డీకన్ అడగగలడా? మొగుడు కొట్టిన దెబ్బలు ఆయనకు చూపిస్తారా? బాప్తిస్మం నీళ్ళలోంచి తడిచీరతో పైకి వచ్చిన ఆడపిల్లకు తువ్వాలు కప్పి లోపలికి తీసుకెళ్ళేది ఎప్పుడూ ఆడవాళ్ళే. పిడికెడు బియ్యం పోగుచేసేది ఆడవాళ్ళే, పంట పండుగ రోజు వేలంపాటకు కోళ్ళూ గుమ్మడికాయలూ తెచ్చేది ఆడవాళ్ళే. లెక్క రాసుకోవడానికి మాత్రం మగవాళ్ళ చేతికి ఇవ్వాలి. పని చేస్తూనే ఉన్నాం, ఓటు వేస్తూనే ఉన్నాం, పేరు మాత్రం బైలాలో లేదు.

స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని వాక్యం ఉంది కదా అంటారు. ఉంది. ఆ మాట రాసిన పౌలే (సంఘాలకు ఆయన రాసిన ఉత్తరాలు బైబిల్లో ఉన్నాయి) రోమా పత్రిక పదహారో అధ్యాయంలో కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబేను చేర్చుకోండి, ఆమెకు కావలసిన సాయం చేయండి, ఆమె నాకూ చాలామందికీ సహాయం చేసింది అని రాశాడు. ఈ వాక్యం కూడా అదే బైబిల్లోనే ఉంది. 2013లో సీఎస్ఐ నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతానికి) పుష్పలలితగారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలోనే మొదటి మహిళా బిషప్. మన రాయలసీమలో ఆడమనిషి బిషప్ అయితే ఆకాశం విరిగిపడలేదు. బాప్టిస్టుల్లో కూడా కొన్ని సంఘాలు స్త్రీలను డీకన్లుగా ఎన్నుకుంటున్నాయి. మా సంఘంలో ఒక్క మాట మార్చడానికి సర్వసభ్య సమావేశం పెట్టమని స్త్రీల సమాజం తరఫున కాగితం ఇచ్చాం. ఎన్నికలయ్యాక చూద్దాం అన్నారు.

ఇంకొక్కటి. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో డీకన్ ఎలా ఉండాలో చెప్పాడు: రెండు నాలుకల మనిషి కాకూడదు, తాగుబోతు కాకూడదు, అక్రమ లాభానికి ఆశపడకూడదు, తన ఇంటిని బాగా ఏలుకోవాలి, ముందు పరీక్షించి తర్వాత పదవి ఇవ్వాలి. మా దగ్గర ఆ పరీక్ష ఎవరూ పెట్టరు. నామినేషన్ ఫీజు కడితే చాలు. నా సూచన: పోటీ చేయదలచినవాళ్ళు ముందు ఆరు నెలలు ఒక వీధి తీసుకుని, ఇళ్ళకు వెళ్ళి రిజిస్టర్ నింపాలి. అందులో మంచంలో ఉన్నవాళ్ళను తిప్పి పడుకోబెట్టడం కూడా ఉండాలి, ఎలాగో నేను ఉచితంగా నేర్పుతాను. ఆరు నెలల తర్వాత కూడా పోటీ చేస్తామన్నవాళ్ళు ఎంతమంది మిగులుతారో చూడాలి. అప్పుడు ప్యానెళ్ళ టెన్షన్ ఉండదు, పోలీసులూ అక్కర్లేదు. ఎన్నిక ఏకగ్రీవం అయిపోతుందేమో కూడా.

చివరగా మీ విలేఖరులకు ఒక మనవి. ఈసారి ఏ చర్చి ఎన్నికల వార్త రాసినా, ఎవరి ప్యానెల్ ఎన్ని ఓట్లతో గెలిచిందో రాయడంతో సరిపెట్టకండి. పోయిన ఏడాది బీదల కానుక ఎంత వచ్చింది, ఎన్ని ఇళ్ళకు వెళ్ళింది అని గెలిచినవాళ్ళనీ ఓడినవాళ్ళనీ ఇద్దర్నీ అడగండి. వాళ్ళు చెప్పిన అంకె వేయండి. చెప్పలేకపోతే ఆ సంగతీ వేయండి. మా సంఘానికి వస్తే నన్ను అడగక్కర్లేదు, మినిట్స్ పుస్తకం చూపించమనండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, విశ్రాంత ఏఎన్ఎం,
ప్రకాశం జిల్లా